మూడు చోట్ల నీరు, జబ్బు ఒక్కటే: కోనసీమ నుంచి ఒక కేస్ స్టడీ

రోగి 46 ఏళ్ల పురుషుడు. కొబ్బరికాయల ఒలుపు కార్మికుడు. అంబాజీపేట చుట్టుపక్కల కొట్లలో పని, ఇల్లు గోదావరి పాయ పక్కన ఒక లంక ఊళ్లో. బీడీలు కాలుస్తాడు, సాయంత్రం పూట మందు అలవాటు ఉంది. చాలా ఏళ్ల కిందట కుడివైపు వరిబీజం ఆపరేషన్ అయింది. సుగర్ ఎప్పుడూ చూపించుకోలేదు. మనిషిని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. జబ్బుకు సంబంధించినవి మాత్రం ఉన్నవున్నట్టే రాస్తున్నాను.

మా దగ్గరికి వచ్చేసరికి ఆయన భార్య చేతిసంచిలో మూడు చోట్ల రాయించుకున్న మూడు కాగితాలున్నాయి. ఒకదానిలో ఎడమ ఊపిరితిత్తికి నెమ్ము అని ఉంది. ఇంకోదానిలో పొట్టలో నీరు, లివర్ పాడైనట్టుంది, మందు మానాలి అని ఉంది. మూడోది ఎక్స్‌రే రిపోర్టు, గుండె పెద్దదైంది అని. మూడు కాగితాలకీ మూడు రకాల మాత్రలు. నీరు ఎక్కడెక్కడ ఉందో మూడింటిలోనూ దాదాపు సరిగ్గానే రాశారు. అది అసలు ఏ నీరు అని మాత్రం ఎవరూ ఒక్క సిరంజి తీసి పరీక్షకు పంపలేదు.

జబ్బు నడిచిన తీరు

రెండు నెలల కిందట ఎడమ డొక్కలో పోటుతో మొదలైంది. ఊపిరి గట్టిగా పీల్చినా, దగ్గినా పొడిచేది. ఎడమ భుజం కొనలో కూడా నొప్పి. కాయలు ఒలిచే మనిషి కదా, పని నొప్పే అనుకుని బామ్ రాసుకున్నాడు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, రాత్రి చెమటకి దుప్పటి తడిసేది. ఊళ్లో ఆర్‌ఎంపీ నొప్పికి సూదులు, వారానికి సరిపడా యాంటీబయాటిక్ ఇచ్చారు. కొన్నాళ్లకి పోటు తగ్గింది. ఇంట్లో అందరూ గండం గడిచిందనుకున్నారు. ఆయాసం ఆ తర్వాతే మొదలైంది.

ఈ వరస గుర్తుపెట్టుకోదగ్గది. ఊపిరితిత్తి చుట్టూ పుపుస త్వచం అనే పొర ఉంటుంది. మనం ప్లూరా అంటాం. లోపలి భాగం ఊపిరితిత్తికి అంటుకుని ఉంటుంది, బయటి భాగం ఛాతీ గోడకి లోపలివైపు అంటుకుని ఉంటుంది. నొప్పి తెలిసేది బయటి భాగానికే. పక్కటెముకల మధ్య నడిచే నరాలు దానికి వస్తాయి. లోపలి భాగానికి అలాంటి నరాలు లేవు. వాచిన రెండు పొరలు ఒకదానికొకటి రాసుకుంటే పోటు పుడుతుంది. మధ్యలో నీరు చేరి వాటిని విడదీస్తే రాపిడి ఆగుతుంది, పోటు తగ్గుతుంది, నీరు పెరిగేకొద్దీ ఊపిరితిత్తి నలిగి ఆయాసం వస్తుంది. అంటే ఈయనకి నొప్పి తగ్గిన రోజే జబ్బు ముదిరింది. భుజం నొప్పి లెక్క కూడా ఇక్కడే తేలుతుంది. ఛాతీకి, పొట్టకి మధ్య అడ్డంగా ఉండే కండర పొర విభాజక పటలం. దాని నడిమి భాగాన్ని కప్పే పొరకు స్పర్శ ఇచ్చేది ఫ్రెనిక్ నరం. అది మెడలో 3, 4, 5 నరాల వేళ్ల నుంచి దిగుతుంది. భుజం చర్మానికి వెళ్లే నరాలు కూడా దాదాపు అక్కడివే. పటలం దగ్గర మంట పుడితే మెదడు దాన్ని భుజం లెక్కలో రాసుకుంటుంది.

రెండో నెలలో పొట్ట ఉబ్బింది, అన్నం సయించలేదు, పాదాలకు కొద్దిగా వాపు. పట్నంలో స్కానింగ్ తీస్తే పొట్టలో నీరు కనిపించింది. మందు తాగే మనిషి, పొట్టలో నీరు. ఆలోచన అక్కడే ఆగిపోయింది. లాసిక్స్, ఆల్డాక్టోన్ అనే మూత్రం మాత్రలు రాశారు. మూత్రం బాగా వచ్చేది గానీ పొట్ట తగ్గలేదు. పైపెచ్చు మంచం మీద నుంచి లేస్తే కళ్లు తిరగడం మొదలైంది.

పరీక్షలో దొరికినవి

బరువు 44 కిలోలు. జబ్బుకు ముందు 53 ఉండేవాడట. జ్వరం 100.4, నాడి 118, నిమిషానికి 28 శ్వాసలు, ఆక్సిజన్ 94 శాతం, బీపీ 104/78. లివర్ చెడితే కనిపించే గుర్తులు చూశాను. కామెర్లు లేవు, ఛాతీ మీద సాలీడు మచ్చలు లేవు, ప్లీహం చేతికి తగల్లేదు.

ఎడమ వీపు మీద తట్టి చూస్తే భుజం ఎముక దిగువ నుంచి కింది దాకా మొద్దు శబ్దం. తడుతుంటే ఆయన ఆయాసపడుతూనే నవ్వాడు. "ముదురు కాయ తట్టి చూసినట్టు చూస్తున్నారేంటండీ?" అన్నాడు. చేసింది నిజంగా అదే పని. వియన్నాలో పనిచేసిన లియోపోల్డ్ అవెన్‌బ్రుగ్గర్ 1761లో ఈ పద్ధతి గురించి పుస్తకం రాశాడు. ఎక్స్‌రే రావడానికి 130 ఏళ్లకు పైగా ముందే ఛాతీలో నీటి మట్టం వేళ్లతో తెలుసుకునే దారి దొరికింది. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో మూల మొద్దుబారి కనిపించాలంటే సుమారు 200 మిల్లీలీటర్ల నీరు ఉండాలి. అల్ట్రాసౌండ్‌కి అంతకంటే చాలా తక్కువ సరిపోతుంది. అయినా వేళ్లు, స్టెతస్కోపు ముందు, మిషన్లు తర్వాత అనే పాత పద్ధతి వదలకూడదని నా అభిప్రాయం. వేళ్లు చెప్పకపోతే స్కానింగ్‌లో ఏం వెతకాలో తెలియదు.

పొట్టలో నీరుంది, పక్కకి తిప్పితే మొద్దు శబ్దం చోటు మారింది. అంతవరకూ ముందు చూసినవారు చెప్పిందే. నన్ను ఆపింది మెడ. 45 డిగ్రీల వాలులో కూర్చోబెడితే మెడ నరం, అంటే మెడలోని సిర, చెవి దాకా ఉబ్బి ఉంది. లివర్ చెడి వచ్చిన జలోదరంలో మెడ నరాలు మామూలుగా ఇలా పొంగవు. గుండె చప్పుడు దూరంగా, మెత్తగా వినిపించింది. బీపీ తక్కువ, మెడ నరాలు పొంగడం, గుండె చప్పుడు తగ్గడం. ఈ మూడూ కలిసి కనిపిస్తే గుండె చుట్టూ ఉన్న సంచిలో నీరు చేరి గుండెను నొక్కుతోందనుకోవాలని సర్జన్ క్లాడ్ బెక్ 1935లోనే చెప్పాడు.

వెంటనే చేత్తో ఊదే బీపీ మిషన్ తెప్పించాను. కఫ్ బిగించి గాలి చాలా నెమ్మదిగా వదలాలి. 104 దగ్గర చప్పుడు మొదలైంది కానీ ఊపిరి వదిలినప్పుడే వినిపించింది, పీల్చినప్పుడు మాయమైంది. 86కి వచ్చాక రెండు వేళల్లోనూ వినిపించింది. తేడా 18. మామూలుగా 10 దాటదు. దీన్ని పల్సస్ పారడాక్సస్ అంటారు. గుండె చుట్టూ నీరు బిగుసుకున్నప్పుడు ఊపిరి పీలిస్తే గుండె కుడి గది నిండుతుంది, విస్తరించడానికి బయట చోటు లేక మధ్య గోడను ఎడమవైపు నెడుతుంది, ఎడమ గదిలో రక్తం తగ్గి నాడి పలచబడుతుంది. డిజిటల్ మిషన్‌తో ఈ తేడా పట్టలేం. ఇంత చిన్న పరీక్షకి ఖర్చు లేదు, ఓపిక ఒక్కటే కావాలి. చేసేవాళ్లు తగ్గిపోతున్నారు.

ఎకోలో, అంటే గుండె స్కానింగ్‌లో, గుండె చుట్టూ 2 సెంటీమీటర్లకు పైగా నీరు, అందులో తీగల్లా ఫైబ్రిన్ అనే ప్రోటీన్ పోగులు కనిపించాయి. గుండె సడలినప్పుడు కుడి కింది గది (జఠరిక) గోడ లోపలికి కుంగుతోంది. ఎక్స్‌రే రిపోర్టులో పెద్దదైందన్న గుండె నిజానికి పెద్దది కాలేదు, దాని సంచి నిండింది.

ఏ గదిని ముందు చూడాలి

భార్య అడిగింది ఒక్కటే. "పొట్టలో నీరు తీసేస్తే తేలికైపోద్ది కదండీ, తీసేయండి బాబూ. గుండెకని కాకినాడ పంపుతారేంటండీ?"

ఆమెకి కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. మొండెంలో పైన ఉరఃకుహరం, కింద ఉదరకుహరం, మధ్యలో అడ్డంగా విభాజక పటలం. పై గదిలో మళ్లీ మూడు సంచులు. కుడి, ఎడమ ఊపిరితిత్తులకి ఒక్కొక్కటి, మధ్యలో గుండెకి ఒకటి. కింద పొట్టలో పేగుల్ని, లివర్‌ని చుట్టుకున్న పెద్ద సంచి, ఆంత్రవేష్టనం. అన్నింటిలోనూ అవయవాలు జారడానికి మామూలుగానే కొద్దిగా తడి ఉంటుంది. ఒక్కో ఊపిరితిత్తి చుట్టూ కొన్ని మిల్లీలీటర్లు, గుండె చుట్టూ 15 నుంచి 50 మిల్లీలీటర్లు. కదిలే అవయవాలకి ఈ తడి లేకపోతే పని జరగదు.

అయితే ఒకే కొలత నీరు ఒక్కో సంచిలో ఒక్కోలా ప్రవర్తిస్తుంది. పొట్ట గోడ సాగుతుంది, రెండు మూడు లీటర్లు చేరినా మనిషి బరువుగా ఉందంటూ తిరుగుతాడు. ఛాతీలో ఒక పక్క లీటరు చేరితే ఆ పక్క ఊపిరితిత్తి నలుగుతుంది, రెండోది మోస్తుంది. గుండె సంచి బయటి పొర గట్టి నారపొర, తొందరగా సాగదు. నీరు వేగంగా చేరితే 200 మిల్లీలీటర్లే ప్రాణం మీదకి తెస్తాయి. నెమ్మదిగా చేరితే సాగడానికి టైమ్ దొరికి లీటరు దాకా కూడా పట్టొచ్చు. కానీ ఆ హద్దు దాటాక ఇంకో 50 మిల్లీలీటర్లు చాలు. అందుకే కంటికి అన్నిటికంటే పెద్దగా కనిపించే పొట్టను పక్కనపెట్టి, కనిపించని గుండె సంచి దగ్గరికి పరుగెత్తాలి.

లాసిక్స్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సంచి బిగుసుకున్న గుండె, సిరల్లో ఒత్తిడి పెంచుకుని దాని బలంతోనే నిండుతుంది. మూత్రం మాత్రలతో రక్తనాళాల్లో నీరు తోడేస్తే ఆ ఆధారం పోతుంది. లేస్తే కళ్లు తిరగడం దానివల్లే. పైగా వాపుతో పొర నుంచి ఊరే నీటికి మూత్రం మాత్రలు మందు కావు. మాత్రలు ఆపేసి, సెలైన్ పెట్టి, 108లో యానాం వంతెన మీదుగా కాకినాడలో కార్డియాలజీ ఉన్న పెద్దాసుపత్రికి పంపాం. పంపేముందు ఎడమ ఛాతీ నుంచి, పొట్ట నుంచి పరీక్షకు సరిపడా మాత్రమే నీరు తీశాం.

కాకినాడలో ఎకో చూస్తూ రొమ్ము ఎముక కొన కింద నుంచి సూది వేసి మొదటిసారి 550 మిల్లీలీటర్లు తీశారు. కొద్దిగా రక్తం కలిసిన పసుపు నీరు. సన్నటి గొట్టం ఉంచితే తర్వాత ఇంకొంత వచ్చింది. సూది వేసిన పూటే బీపీ 122కి ఎక్కింది, నాడి వందలోపుకి దిగింది. రాత్రికి అన్నం అడిగాడట.

నీరు ఏం చెప్పింది

నీటిని విడదీసే మొదటి ప్రశ్న, అది ఒత్తిడి వల్ల కారిందా, పొర వాచి ఊరిందా అన్నది. ఛాతీ నీటికి 1972లో రిచర్డ్ లైట్ ఇచ్చిన కొలతలే ఇప్పటికీ వాడతాం. నీటిలోని ప్రోటీన్ రక్తంలోని ప్రోటీన్‌లో సగం కంటే ఎక్కువైనా, ఎల్‌డీహెచ్ అనే ఎంజైము నిష్పత్తి 0.6 దాటినా అది వాపు నీరు. ఈయనకి ప్రోటీన్ 5.2, రక్తంలో 6.9. ఎల్‌డీహెచ్ 612, రక్తంలో 240. సందేహానికి తావు లేదు. కణాల్లో 92 శాతం లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు. ఏడీఏ అనే ఎంజైము 74, మేం 40 దాటితే టీబీ వైపు చూస్తాం. క్యాన్సర్ కణాలు లేవు.

పొట్ట నీటికి లెక్క వేరు. రక్తంలోని ఆల్బుమిన్ నుంచి నీటిలోని ఆల్బుమిన్ తీసేస్తే వచ్చేది 1.1 లేదా అంతకంటే ఎక్కువైతే లివర్ సిరల ఒత్తిడి వల్ల చేరిన నీరు. ఈయనకి 3.0 నుంచి 2.4 పోగా 0.6. లివర్ నిర్దోషి. స్కానింగ్ రోజే ఈ ఒక్క పరీక్ష చేసి ఉంటే లాసిక్స్ దాకా వెళ్లేవారు కాదు. ఏడీఏ ఇక్కడా ఎక్కువే, 58.

ఇక వరిబీజం. ఉభయ గోదావరి జిల్లాల్లో బోదకాలు, వరిబీజం చూడని డాక్టరు ఉండడు. వృషణం చుట్టూ ఉండే సంచి కూడా పుట్టుకలో ఆంత్రవేష్టనపు ముక్కే. పిండంలో వృషణం పొట్టలో తయారై కిందికి దిగేటప్పుడు ఆ పొరను తనతో లాక్కొస్తుంది. అంటే ఈయనకి గతంలో నీరు చేరిన నాలుగో సంచి కూడా ఉంది. ఫైలేరియా పురుగు లింఫు నాళాలను మూసేస్తే ఛాతీలో, పొట్టలో కూడా నీరు చేరగలదు. కాబట్టి అడిగి తీరాల్సిన ప్రశ్నే. కానీ ఆ నీరు కొవ్వు కలిసి తెల్లగా ఉంటుంది, ట్రైగ్లిజరైడ్లు సాధారణంగా 110 దాటతాయి. ఈయనది తేటగా, గడ్డి రంగులో ఉంది. ట్రైగ్లిజరైడ్లు 38. పాత వరిబీజానికి ఈ జబ్బుతో సంబంధం లేదని తేలింది.

డెంగ్యూలో కూడా మూడు చోట్లా నీరు చేరుతుంది, వానాకాలంలో ఇక్కడ ముందు అదే గుర్తొస్తుంది. రెండు నెలలు సాగదు. థైరాయిడ్, మూత్రంలో ప్రోటీన్, లూపస్ పరీక్షలు అన్నీ మామూలే. హెచ్‌ఐవీ నెగెటివ్. సుగర్ మాత్రం 210 వచ్చింది, ఆయనకే తెలియని సుగర్.

ఛాతీ నీటిలో సీబీనాట్ (టీబీ క్రిమి జన్యువును వెతికే పరీక్ష) నెగెటివ్ వచ్చింది. దాన్ని చూసి టీబీ కాదు అనుకోకూడదు. ప్లూరా టీబీలో నీటిలో క్రిములు చాలా తక్కువ ఉంటాయి, ఎక్కువ భాగం శరీరం వాటి మీద చేసే గొడవే. గుండె సంచి నీటిలో అదే పరీక్ష పాజిటివ్ వచ్చింది, రిఫాంపిసిన్ అనే టీబీ మందుకి లొంగే రకం.

ఒకే క్రిమి ఇన్ని గదుల్లోకి ఎలా దూరిందని మా హౌస్‌సర్జన్ అడిగాడు. పిండంలో నాలుగో వారానికి ఇవన్నీ వేరువేరు గదులు కావు. గుర్రపు నాడా ఆకారంలో ఉన్న ఒకే కుహరం. తర్వాత మడతలు పెరిగి గుండెను ఊపిరితిత్తుల నుంచి, విభాజక పటలం ఛాతీని పొట్ట నుంచి విడదీస్తాయి. గోడలు వచ్చినా లోపలి పూత మారదు. ఎక్కడ చూసినా మీసోథీలియం అనే ఒకే వరస కణాలే. రక్తం ద్వారా, ఛాతీ మధ్యలోని లింఫు గ్రంథుల ద్వారా టీబీ వీటిని చేరుతుంది. ఒకే తరహా పొర, ఒకే తరహా స్పందన. దీన్నే పాలీసెరోసైటిస్ అంటాం. తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకోవడం ఉన్నాయా అని కూడా అడిగాం. మెదడు పొరలు ఈ కుటుంబంలోవి కావు, అయినా టీబీ అక్కడికీ వెళ్తుంది, వెళ్తే మందుల కాలం మారిపోతుంది. అలాంటి సూచనలు లేవు.

వైద్యం, ఆ తర్వాత

టీబీ రోగుల ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో పేరు నమోదు చేసి, బరువును బట్టి రోజుకి 3 కాంబినేషన్ మాత్రలు మొదలుపెట్టాం. మొదటి 2 నెలలు నాలుగు మందులు, తర్వాత 4 నెలలు వాటిలో పైరజినమైడ్ అనేది తీసేసి మూడు. పోషణకి నెలకి 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. 2024 నవంబరుకు ముందు అది 500 ఉండేది. గుడ్లు, పప్పు కొనమని ఆయనకి కాకుండా భార్యకి చెప్పాం.

స్టెరాయిడ్ ఇవ్వాలా వద్దా అన్నది అంత సులువు కాదు. ఆఫ్రికాలోని 8 దేశాల్లో 1,400 మంది మీద జరిగి 2014లో వచ్చిన ఇంపి ట్రయల్‌లో, గుండె సంచి టీబీకి ప్రెడ్నిసొలోన్ ఇస్తే మరణాలు తగ్గలేదు. సంచి గట్టిపడి గుండెను బిగించే ముప్పు మాత్రం తగ్గింది. హెచ్‌ఐవీ ఉన్నవారిలో క్యాన్సర్ ముప్పు పెరిగింది. ఈయనకి హెచ్‌ఐవీ లేదు, నీటిలో ఫైబ్రిన్ పోగులున్నాయి, గట్టిపడితే ఆపరేషన్ చేయించుకోగల స్తోమత లేదు. ఇవ్వడానికే మొగ్గాను. సుగర్ పెరుగుతుందని తెలిసే ఇచ్చాం, కొన్ని వారాలు ఇన్సులిన్ వేయాల్సి వచ్చింది. రిఫాంపిసిన్ ప్రెడ్నిసొలోన్‌ని లివర్‌లో త్వరగా కరిగించేస్తుంది, కాబట్టి మోతాదు మరీ తక్కువైతే ఇచ్చినా ఇవ్వనట్టే.

ఛాతీ నీరు ఆయాసం కోసం ఒక్కసారి తీశాం, లీటరు దాకా. సూది ఎప్పుడూ కింది పక్కటెముక పై అంచు మీదుగా వెళ్లాలి, ఎందుకంటే రక్తనాళాలు, నరం పై ఎముక కింది అంచులో దాక్కుని ఉంటాయి. ఒకేసారి లీటరున్నర మించకూడదు. మధ్యలో దగ్గు, ఛాతీ బిగింపు వస్తే అక్కడితో ఆపాలి. చాలాకాలం నలిగిన ఊపిరితిత్తి ఒక్కసారిగా విచ్చుకుంటే దానిలోనే నీరు పట్టే ప్రమాదముంది. పొట్ట నీటిని పరీక్షకు మించి ముట్టుకోలేదు. మందులతో అదే ఇంకిపోయింది.

మందు మొదలైన రెండో రోజే ఫోన్. "మూత్రంలో రక్తం పడతందండీ, మాత్రలు ఆపేశామండీ." రిఫాంపిసిన్‌కి మూత్రం నారింజ రంగులో వస్తుందని డిశ్చార్జి రోజు ఎవరో ఒకరు చెప్పి ఉంటారని అందరం అనుకున్నాం. ఎవరూ చెప్పలేదు. ఆశా కార్యకర్త ఆ సాయంత్రమే ఇంటికెళ్లి మళ్లీ వేయించింది. ఈ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల టీబీ మందు మానేసినవాళ్లు నాకు తెలిసి చాలామంది.

మూడు వారాల్లో జ్వరం పోయింది. రెండు నెలలకి బరువు 49 అయింది, 50 దాటాక మాత్రలు నాలుగు చేశాం. ఆరో నెల చివర ఎకోలో గుండె సంచి కొద్దిగా మందంగా ఉంది గానీ బిగుసుకోలేదు. మెడ నరాలు మామూలు. ఎక్స్‌రేలో ఎడమ కింది మూల ఇంకా మొద్దుగానే ఉంది. అది నీరు కాదు, ప్లూరా మందమై మిగిలిన మచ్చ. దాని కోసం మళ్లీ సూది వేయనక్కర్లేదని, ఎవరైనా పాత ఎక్స్‌రే లేకుండా చూస్తే నీరని పొరబడతారని రెండు ఫిల్ములూ కవర్లో పెట్టి ఇచ్చాం.

ఇంట్లోవాళ్లకి ఎక్స్‌రేలు తీయించాం, ఎవరికీ జబ్బు లేదు. నాలుగేళ్ల మనవడితో సహా అందరికీ టీబీ రాకుండా ముందుజాగ్రత్త మందు మొదలుపెట్టాం. ఆయన మళ్లీ ఒలుపుకి వెళ్తున్నాడు, మునుపటిలో సగం కాయలే ఒలుస్తున్నానంటాడు. సంచి బిగుసుకోవడం మందులయ్యాక నెలల తర్వాత కూడా బయటపడవచ్చు కాబట్టి ఏడాది నిండాక ఇంకో ఎకో రాశాను. పాదాలకి మళ్లీ వాపొస్తే అంతదాకా ఆగకుండా రమ్మన్నాను.